మాజీ కార్యదర్శి మేల్కొని ఉన్న రాత్రి

1876 నవంబర్ 8. ఇంకా తెల్లవారలేదు. న్యూయార్క్‌లోని ఫిఫ్త్ అవెన్యూ హోటల్లో పెట్టుకున్న రిపబ్లికన్ పార్టీ ఎన్నికల కార్యాలయంలో సందడి ఎప్పుడో అణగిపోయింది. ముందు రోజు జరిగిన అధ్యక్ష ఎన్నికలో న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్, ఇండియానా ఒకదాని వెంట ఒకటి డెమొక్రాట్ల ఖాతాలో పడ్డాయి. ఆ పార్టీ అభ్యర్థి శామ్యూల్ టిల్డెన్ గెలిచినట్టేనని రెండు పక్షాల వాళ్లూ అనుకున్నారు. రిపబ్లికన్ అభ్యర్థి రూథర్‌ఫర్డ్ హేస్ అక్కడ ఒహాయోలో ఓటమికి మనసు సిద్ధం చేసుకుని నిద్రపోయాడు. పార్టీ జాతీయ కమిటీ అధ్యక్షుడు జకరాయా చాండ్లర్ హోటల్ గదిలో తలుపు వేసుకుని పడుకున్నాడు.

ఆ వేళ హోటల్లోకి ఇద్దరు వచ్చారు. ఒకరు న్యూయార్క్ టైమ్స్ సంపాదకవర్గంలోని జాన్ రీడ్. టిల్డెన్‌కు ఎన్ని ఎలక్టోరల్ ఓట్లు (గెలిచిన రాష్ట్రాల నుంచి అభ్యర్థికి దక్కే, అధ్యక్షుణ్ని తేల్చే ఓట్లు) ఖాయమైనట్టు మీ అంచనా అంటూ ఆ రాత్రి డెమొక్రాటిక్ నాయకుల నుంచి పత్రికకు ఒక విచారణ వచ్చింది. గెలిచామనుకుంటున్నవాళ్లు తమ లెక్క పొరుగువాణ్ని అడుగుతున్నారంటే వాళ్లకే నమ్మకం చాలడం లేదన్నమాట. రీడ్ అది పసిగట్టాడు. రెండో మనిషి, సొంత రాష్ట్రం న్యూ హాంప్‌షైర్‌కు వెళ్లి ఓటు వేసి అప్పుడే రైలు దిగి వచ్చిన విలియం చాండ్లర్. ఇంటిపేరు ఒకటే అయినా జకరాయాకూ ఇతనికీ చుట్టరికం లేదు. ఆ రాత్రి కథ చెప్పబోయే ప్రతివాడికీ ఇదొక తలనొప్పి.

ఇద్దరూ కూర్చుని రాష్ట్రాలవారీగా లెక్క వేశారు. మొత్తం ఎలక్టోరల్ ఓట్లు 369. గెలవడానికి 185 కావాలి. హేస్‌కు రాగలిగినవన్నీ కూడితే 166. దక్షిణాదిలో ఇంకా రిపబ్లికన్ ప్రభుత్వాలు మిగిలి ఉన్న మూడు రాష్ట్రాలు లూసియానా 8, దక్షిణ కరోలినా 7, ఫ్లోరిడా 4. కలిపితే 19. 166కు 19 చేరిస్తే సరిగ్గా 185. ఒక్క ఓటు ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

జకరాయాను నిద్ర లేపారు. నిద్రమత్తు వదలని ఆ పెద్దమనిషి, అవసరమనిపించింది చేయండని చెప్పి మళ్లీ పడుకున్నాడు. విలియం చాండ్లర్ తంతులు, అంటే టెలిగ్రాములు, రాశాడు. సారాంశం ఒకటే: దక్షిణ కరోలినా, ఫ్లోరిడా, లూసియానా మనవైతే హేస్ గెలిచినట్టే, మీ రాష్ట్రం నిలబెట్టగలరా, వెంటనే జవాబు పంపండి. రీడ్ వాటిని పట్టుకుని తంతి కార్యాలయానికి పరుగెత్తాడు. అక్కడ పార్టీకి ఖాతా లేదంటే పత్రిక ఖాతాలో రాయించానని తరువాత అతనే చెప్పాడు. దేశాధ్యక్ష పదవిని తిప్పేసిన తంతుల ఖర్చు ఒక పత్రిక పద్దులో పడిందన్నమాట. నిష్పాక్షిక జర్నలిజం గురించి ఆ రోజుల్లో ఎవరికీ పెద్ద పట్టింపు లేదు.

నిజానికి ఈ లెక్క మొదట వేసింది తానేనని డేనియల్ సికిల్స్ అనే మరో రిపబ్లికన్ తరువాత చెప్పుకున్నాడు. గెటిస్‌బర్గ్ యుద్ధంలో కాలు పోగొట్టుకున్న జనరల్ ఇతను. అర్ధరాత్రి దాటాక ఖాళీ కార్యాలయానికి వచ్చి, కాగితాలు తిరగేసి, జకరాయా పేరుతో ఇలాంటి తంతులే పంపానన్నాడు. న్యూయార్క్ రేవు సుంకాల అధికారి చెస్టర్ ఆర్థర్ సరేనన్నాడట. ఎవరు ముందన్నది పెద్ద విషయం కాదు. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే రాత్రి ఒకే చోట వేలు పెట్టారంటే ఆ మూడు రాష్ట్రాల్లో ఏముందో పార్టీ యంత్రాంగం ఎరిగినవాళ్లకు బాగా తెలుసు. చాండ్లర్‌కు అందరికంటే బాగా తెలుసు. అప్పటికి ఎనిమిదేళ్లుగా అతని పని అదే.

విలియం ఈటన్ చాండ్లర్ 1835లో న్యూ హాంప్‌షైర్‌లోని కాంకర్డ్‌లో పుట్టాడు. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, ఇరవై ఏళ్లు నిండేసరికే వకీలుగా స్థిరపడ్డాడు. కొత్తగా పుట్టిన రిపబ్లికన్ పార్టీలో చేరి, ముప్పై దాటకముందే రాష్ట్ర శాసనసభ స్పీకరయ్యాడు. న్యూ హాంప్‌షైర్ చిన్న రాష్ట్రమే. కానీ అక్కడి ఎన్నికలు అప్పట్లో మార్చిలో జరిగేవి. అధ్యక్ష ఎన్నిక ఏడాదిలో దేశానికి తొలి గాలి వార్త అక్కడి నుంచే అందేది. అందుకే రెండు పార్టీలూ అక్కడ ఒక్కో గ్రామంలో ఒక్కో ఓటరు పేరు రాసుకుని మరీ పనిచేసేవి. చాండ్లర్ విద్య నేర్చింది ఆ బడిలో. అంతర్యుద్ధం రోజుల్లో ఫిలడెల్ఫియా నౌకా కర్మాగారంలో జరిగిన మోసాల కేసులు నడపడానికి కేంద్రం అతణ్ని పిలిచింది. తరువాత నౌకాశాఖలో న్యాయాధికారి పదవి, ఆపైన ఆర్థికశాఖలో సహాయ కార్యదర్శి పదవి. 1867లో ప్రభుత్వ కొలువు వదిలి, 1868లో రిపబ్లికన్ జాతీయ కమిటీ కార్యదర్శి అయ్యాడు. అప్పటికి వయసు 32.

ఈ పదవి ఏమిటో చూడాలి. అప్పటి జాతీయ కమిటీ అంటే రాష్ట్రానికొకరు చొప్పున సభ్యులు, నాలుగేళ్లకోసారి మేల్కొనే సంస్థ. అధ్యక్షుడిగా ఒక గవర్నరో, బాగా డబ్బున్న పెద్దమనిషో ఉండేవాడు. 1868లో మసాచుసెట్స్‌కు చెందిన విలియం క్లాఫ్లిన్, 1872లో న్యూయార్క్ వర్తకుడు ఎడ్విన్ మోర్గన్. అధ్యక్షుడు మారినా కార్యదర్శి మారలేదు. ఏ రాష్ట్రంలో ఎవరు నమ్మదగినవాడు, ఎవరికి డబ్బు పంపితే ఓటర్ల దాకా చేరుతుంది, ఎవరికి పంపితే జేబు దగ్గరే ఆగిపోతుంది అన్న చిట్టా అంతా అతని బుర్రలోనూ ఉత్తరాల కట్టల్లోనూ ఉండేది. ఏ ఊరికి ఏ వక్త వెళ్లాలి, ఏ కరపత్రం ఎన్ని అచ్చు వేయాలి, చివరి వారంలో ఏ జిల్లాకు ఎంత పంపాలి అన్నవి కార్యదర్శి రాసిన ఉత్తరాలతోనే తేలేవి.

డబ్బు రెండు దారుల్లో వచ్చేది. ఒకటి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతాల నుంచి పార్టీ వసూలు చేసే వాటా. పేరుకు చందా, నిజానికి కప్పం. ఇవ్వని గుమాస్తాకు ఉద్యోగం మీద ఆశ ఉండేది కాదు. రెండోది జే కుక్ వంటి బ్యాంకర్ల నుంచి, రైల్వే కంపెనీల నుంచి వచ్చేది. కార్యదర్శి ఉద్యోగంతో ఇల్లు గడవదు కాబట్టి చాండ్లర్ అదే కాలంలో వాషింగ్టన్‌లో రైల్వేల తరఫున, కుక్ తరఫున వకాల్తా నడిపాడు. పొద్దున పార్టీకి చందా అడిగిన వాళ్ల దగ్గరే సాయంత్రం ఫీజు పుచ్చుకోవడం అప్పట్లో వింత కాదు. వింత కాదన్నంత మాత్రాన మచ్చ కాకుండా పోలేదు. ఆ మచ్చ అతని వెంటే నడిచింది.

మరో సంగతి నేటి పాఠకుడు మరిచిపోతాడు. అప్పటికి ప్రభుత్వం అచ్చు వేసే బ్యాలెట్ లేదు. ఏ పార్టీ ఓటు చీటీ ఆ పార్టీయే అచ్చు వేసుకుని ఓటరు చేతికి ఇచ్చేది, ఓటరు దాన్ని పెట్టెలో వేసేవాడు. రహస్య బ్యాలెట్ రాష్ట్రాల్లో వ్యాపించడం 1888 తరువాతి మాట. ఓటు చీటీ తయారు చేసేదీ, పంచేదీ, వేసేటప్పుడు పక్కన నిలబడేదీ పార్టీ మనుషులే. 1876లో ఫ్లోరిడాలో డెమొక్రాట్లు తమ చీటీల మీద రిపబ్లికన్ గుర్తులు ముద్రించి, చదువురాని నల్లజాతి ఓటర్ల చేతిలో పెట్టారు. గుర్తు చూసి వేసినవాడికి తన ఓటు ఎటు పోయిందో తెలియలేదు.

కార్యదర్శిగా చాండ్లర్ ఎనిమిదేళ్లు నిర్మించిన ఇల్లు దక్షిణాదిలో నల్లజాతి ఓటు అనే పునాది మీద నిలిచింది. 1868లో రిపబ్లికన్ అభ్యర్థి గ్రాంట్‌కు దేశం మొత్తం మీద వచ్చిన ఆధిక్యం మూడు లక్షల చిల్లర. కొత్తగా ఓటు దక్కిన నల్లజాతి వాళ్లు లక్షల్లో ఓటు వేయకపోతే అది నిలిచేది కాదు. ఆ ఓటును చంపడానికి శ్వేతజాతి ముఠాలు తుపాకులు పట్టాయి. 1876 జూలైలో దక్షిణ కరోలినాలోని హాంబర్గ్ అనే చిన్న ఊళ్లో నల్లజాతి సైనిక దళాన్ని చుట్టుముట్టి, పట్టుబడినవాళ్లలో కొందరిని బయటికి తీసి వరసగా కాల్చి చంపారు. చంపిన గుంపులో బెంజమిన్ టిల్మన్ అనే రైతు ఉన్నాడు. ఈ పేరు గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మళ్లీ ఆ నవంబర్‌కు. తంతులు పంపే నాటికి చాండ్లర్ కార్యదర్శి కాడు. ఆ వేసవిలోనే ఆ బాధ్యత రిచర్డ్ మెకార్మిక్‌కు వెళ్లింది. న్యూ హాంప్‌షైర్ తరఫు కమిటీ సభ్యత్వం తప్ప చాండ్లర్‌కు పదవంటూ లేదు. అయినా ఫ్లోరిడాకు వెంటనే బయలుదేరింది అతనే. చేతిలో అధికారం లేని మనిషికి ఎలక్టోరల్ ఓట్ల లెక్క అప్పజెప్పడానికి కారణం ఒక్కటే. అక్కడ ఎవరెవరో అతనికి తెలుసు, అతనెవరో వాళ్లకూ తెలుసు.

ఫ్లోరిడాలో పోలైన ఓట్లు 47 వేల దరిదాపుల్లో. జిల్లాల నుంచి వచ్చిన కాగితాలను ఏ వరసలో కూడితే ఆ వరసకు తగ్గట్టు, ఒకసారి హేస్‌కు నలభై చిల్లర, మరోసారి టిల్డెన్‌కు తొంభై చిల్లర ఆధిక్యం కనిపించేది. తుది మాట ముగ్గురు సభ్యుల బోర్డుది. ఇద్దరు రిపబ్లికన్లు, ఒక డెమొక్రాట్. అక్రమం జరిగిందనుకున్న చోట ఓట్లను కొట్టివేసే అధికారం ఆ బోర్డుకు ఉంది. ఇరుపక్షాలూ ఉత్తరాది నుంచి పేరున్న వకీళ్లను రాష్ట్ర రాజధాని తల్లహాసీకి దించాయి. చిన్న ఊరు, పెద్ద మనుషులు. చాండ్లర్ వాంగ్మూలాలు పోగు చేశాడు, వాదనలు రాయించాడు. న్యూయార్క్‌కు రహస్య సంకేతాలతో తంతులు పంపాడు. మనుషుల పేర్లుగా కనిపించే మాటల వెనుక డబ్బు మొత్తాలు దాగి ఉండేవి. అవతలి పక్షానికీ ఇలాంటి సంకేతాలే ఉన్నాయి. రెండేళ్ల తరువాత న్యూయార్క్ ట్రిబ్యూన్ వాటిని విప్పి అచ్చు వేసేసరికి, బోర్డు సభ్యులను కొనడానికి టిల్డెన్ మనుషులు ఆడిన బేరాలు బయటపడ్డాయి.

ఒక్క పోలింగ్ కేంద్రాన్ని దగ్గరగా చూద్దాం. అలాచువా జిల్లాలో ఆర్చర్ రెండో నంబరు కేంద్రం. అక్కడ పెట్టెలో పడని 219 ఓట్లను రిపబ్లికన్ల ఖాతాలో చేర్చారని డెమొక్రాట్ల ఆరోపణ. రాష్ట్రం మొత్తం తేడా వంద లోపు ఊగుతున్నప్పుడు 219 అంటే సామాన్యం కాదు. అక్కడికి వెళ్లిన రిపబ్లికన్ న్యాయవాది ఫ్రాన్సిస్ బార్లో, యుద్ధంలో జనరల్‌గా పనిచేసిన మనిషి, సాక్ష్యాలు చూశాక రాష్ట్రం టిల్డెన్‌దేనన్న అభిప్రాయానికి వచ్చాడు. సొంత పార్టీకి మింగుడుపడని మాట అది. బోర్డు మాత్రం హేస్‌కు తొమ్మిది వందలకు పైగా ఆధిక్యం తేల్చింది. బోర్డులోని రిపబ్లికన్ సభ్యుడు శామ్యూల్ మెక్లిన్ 1878లో నోరు విప్పాడు. పార్టీ అభిమానం తన తీర్పును వంచిందన్నాడు. హేస్ గెలిస్తే మీ బాగు చూసుకుంటారని చాండ్లర్ హామీ ఇచ్చాడన్నాడు. అతణ్ని న్యూ మెక్సికోలో న్యాయమూర్తిగా హేస్ నియమించబోయిన మాట నిజం. సెనేట్ ఆమోదం మాత్రం దక్కలేదు.

ఇది దొంగతనమా? పెట్టెల్లో పడిన ఓట్లు మాత్రమే లెక్క అంటే ఫ్లోరిడాలో అది దొంగతనానికి దగ్గరగానే ఉంది. కానీ తుపాకీ చూసి ఇంట్లో ఉండిపోయినవాడి ఓటు ఏ లెక్కలో రాయాలి? మోసపు చీటీ వేసినవాడి ఓటు ఎవరిది? స్వేచ్ఛగా ఎన్నిక జరిగితే ఆ మూడు రాష్ట్రాలు హేస్‌వేనని చాండ్లర్ నమ్మాడు. ఆ నమ్మకం తప్పని చెప్పడం కష్టం. అలాగని బోర్డు చేసిన కూడికలు, తీసివేతలు అందుకు పరిహారం కాలేవు. తుపాకీతో పోయిన ఓటును కలంతో తెచ్చుకోవచ్చని అతను అనుకున్నాడు. అధ్యక్ష పదవి వరకు అది సాధ్యమైంది.

ఆ తరువాతిది అందరూ ఎరిగిన చరిత్ర. ఈ తగవు తీర్చడానికి కాంగ్రెస్ ఏర్పాటు చేసిన పదిహేను మంది ఎన్నికల సంఘం ప్రతి వివాదాన్నీ 8–7 తేడాతో హేస్ వైపు తేల్చింది. 1877 మార్చి 2 తెల్లవారుజామున 185–184 ఫలితం ప్రకటించారు. ఏప్రిల్ ముగిసేలోగా హేస్ దక్షిణ కరోలినా, లూసియానా రాజధానుల్లో రిపబ్లికన్ గవర్నర్లకు కాపలా ఉన్న సైన్యాన్ని శిబిరాలకు పంపేశాడు. రెండు ప్రభుత్వాలూ కూలిపోయాయి. ఫ్లోరిడాలో అయితే అంతకు ముందే రాష్ట్ర న్యాయస్థానం తిరిగి లెక్కపెట్టించి గవర్నర్ పదవిని డెమొక్రాట్‌కు అప్పగించింది.

చాండ్లర్ జీవితంలో గౌరవించదగిన ఘట్టం ఇక్కడ వస్తుంది. తాను నిలబెట్టిన అధ్యక్షుడి దగ్గర బహుమానం కోసం క్యూ కట్టాల్సిన మనిషి, 1877 డిసెంబర్‌లో న్యూ హాంప్‌షైర్ రిపబ్లికన్లకు బహిరంగ లేఖ రాశాడు. అధికారం కోసం హేస్ మనుషులు దక్షిణాది డెమొక్రాట్లతో బేరం కుదుర్చుకున్నారని ఆరోపించాడు. అతని ప్రశ్న సూటిగా ఉంది. లూసియానాలో హేస్‌కు ఓటు వేసిన వాళ్లే గవర్నర్ పదవికి రిపబ్లికన్ అభ్యర్థి ప్యాకర్డ్‌కు కూడా వేశారు. అవే ఓట్లు అధ్యక్షుడికి చెల్లి, గవర్నర్‌కు చెల్లకపోవడం ఏమిటి? దీనికి హేస్ పక్షం దగ్గర సరైన జవాబు ఎన్నడూ లేదు. అసలు ఈ లెక్క చాండ్లర్‌కు తెలిసినంత గట్టిగా మరెవరికీ తెలియదు, వేసింది అతనే కాబట్టి. హేస్ మీద ఆ కాలంలో వచ్చిన విమర్శల్లో ఇంత లోపలి నుంచి వచ్చినది మరొకటి కనిపించదు. ప్రత్యర్థులు మాత్రం, దొంగిలించిన వాడే దొంగ అని అరుస్తున్నాడని నవ్వుకున్నారు.

ఆ లేఖకు మూల్యం చెల్లించాల్సి వచ్చింది. 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ అతణ్ని సొలిసిటర్ జనరల్‌గా నియమించబోతే సెనేట్ తిరస్కరించింది. అటార్నీ జనరల్ మెక్‌వే స్వయంగా వ్యతిరేకించాడు. 1877లో లూసియానా ప్రభుత్వాన్ని సాగనంపడానికి హేస్ పంపిన బృందంలో ఆ మెక్‌వే ఒకడు. గార్‌ఫీల్డ్ హత్య తరువాత చెస్టర్ ఆర్థర్ అధ్యక్షుడై, 1882లో చాండ్లర్‌ను నౌకాశాఖ మంత్రిని చేశాడు. ఉక్కుతో కట్టిన తొలి నాలుగు ఓడలు, 1884లో నౌకా యుద్ధ కళాశాల, ఉత్తర ధ్రువ ప్రాంతంలో చిక్కుకున్న గ్రీలీ బృందాన్ని రక్షించడం ఆ మూడేళ్లలో జరిగినవే. ఓడల కాంట్రాక్టు దక్కిన జాన్ రోచ్ ఒకప్పుడు చాండ్లర్ కక్షిదారు కావడంతో పాత మచ్చ మళ్లీ తిరగబెట్టింది.

ఈ మధ్యలో ఒక చిన్న సంగతి, రాజకీయంతో సంబంధం లేనిది. మొదటి భార్య పోయాక 1874లో చాండ్లర్ పెళ్లాడిన లూసీ హేల్, బానిసత్వ వ్యతిరేక సెనేటర్ జాన్ హేల్ కూతురు. 1865లో లింకన్‌ను చంపిన జాన్ విల్క్స్ బూత్ శవం మీద దొరికిన స్త్రీల ఫొటోల్లో ఆమెది ఒకటి. దాని గురించి ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో చరిత్రకు అందలేదు.

1887లో సెనేట్‌కు వెళ్లిన చాండ్లర్ దక్షిణాది ఓటు మాట వదల్లేదు. కాంగ్రెస్ ఎన్నికలను కేంద్రం పర్యవేక్షించాలన్న 1890 నాటి లాడ్జ్ బిల్లు కోసం గట్టిగా పోరాడాడు. 1891 జనవరిలో ఆ బిల్లు సెనేట్‌లో మూలపడింది. దాన్ని ముంచింది డెమొక్రాట్లు మాత్రమే కాదు. వెండి నాణేల మీద, సుంకాల మీద ధ్యాస ఉన్న సొంత పార్టీ సెనేటర్లు కూడా. రిపబ్లికన్ పార్టీకి నల్లజాతి ఓటు ఇక అవసరం లేదు, పశ్చిమ రాష్ట్రాలతోనే గట్టెక్కగలదు. పాత కార్యదర్శికి ఈ లెక్క కూడా అర్థమై ఉండాలి.

అదే సమయంలో అతను రైల్వేల మీద తిరగబడ్డాడు. ఒకప్పుడు వాటి తరఫున వాషింగ్టన్ నడవాల్లో తిరిగిన వకీలు, న్యూ హాంప్‌షైర్ రాజకీయాన్ని గుప్పిట్లో పెట్టుకున్న బోస్టన్ అండ్ మెయిన్ రైల్వేని ఏళ్ల తరబడి దుమ్మెత్తిపోశాడు. శాసనసభ్యులకు ఉచిత పాసులు పంచి రాష్ట్రాన్ని కొంటున్నారన్నాడు. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని ఎగతాళి చేసిన వాళ్లున్నారు. అంతకంటే సరళమైన వివరణ ఉంది: డబ్బు ఎలా పనిచేస్తుందో లోపల కూర్చుని చూసినవాడికి బయట నుంచి చూస్తే భయం వేయడం సహజం. 1901లో రైల్వే అనుకూల వర్గం అతని సెనేట్ పదవిని ఊడగొట్టింది. పోయేముందు చాండ్లర్ సెనేట్‌లో ఒక బిల్లు పెట్టాడు. కంపెనీలు ఎన్నికలకు చందాలివ్వకూడదు అన్నది దాని సారం. అది అక్కడే ఆగిపోయింది.

అధ్యక్షుడు మెకిన్లీ అతణ్ని స్పెయిన్ ఒప్పంద పరిహారాల కమిషన్‌కు అధ్యక్షుడిని చేశాడు. పదవి పోయినా బిల్లు మాత్రం జేబులోనే ఉంది. దాన్ని సభలో పెట్టడానికి సెనేటర్ ఒకరు కావాలి. రిపబ్లికన్లలో ఎవరూ ముందుకు రాలేదు. చాండ్లర్ చివరికి తట్టిన తలుపు దక్షిణ కరోలినా డెమొక్రాట్ బెంజమిన్ టిల్మన్‌ది. హాంబర్గ్‌లో ఆ వేసవి తుపాకీ పట్టిన మనిషే, ఆ హత్యల గురించి సెనేట్‌లోనే గొప్పలు చెప్పుకున్న మనిషే. 1895లో తన రాష్ట్ర రాజ్యాంగాన్ని తిరగరాయించి నల్లజాతి ఓటును కాగితం మీద కూడా లేకుండా చేసిన మనిషే.

ఇద్దరికీ స్నేహం కుదిరింది. 1906లో రైలు చార్జీల నియంత్రణ బిల్లు విషయంలో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ టిల్మన్‌తో నేరుగా మాట్లాడడానికి ఇష్టపడక, మధ్యవర్తిగా చాండ్లర్‌ను వాడుకున్నాడు. తరువాత రూజ్‌వెల్ట్ దారి మార్చుకుంటే, జరిగినదంతా చాండ్లర్ చెప్పింది చెప్పినట్టు టిల్మన్ సెనేట్‌లో చదివి వినిపించాడు. అది పచ్చి అబద్ధమని రూజ్‌వెల్ట్ సెనేటర్ లాడ్జ్ ద్వారా అక్కడికక్కడే కబురు పెట్టాడు. డెబ్బై ఏళ్ల చాండ్లర్ వెనక్కి తగ్గలేదు.

కంపెనీల చందాల మీద నిషేధం 1907 జనవరి 26న చట్టమైంది. పుస్తకాల్లో దాని పేరు టిల్మన్ చట్టం. ముసాయిదా పాత రిపబ్లికన్ కార్యదర్శిది. ఎన్నికల్లో కంపెనీల డబ్బును అడ్డుకునే తొలి జాతీయ చట్టాన్ని, ఆ డబ్బును పోగుచేయడంలో ఆరితేరిన చేయి రాసింది. 1876లో ఎవరి ఓట్లు లెక్కపెట్టించడానికి చాండ్లర్ తల్లహాసీకి వెళ్లాడో, ఆ మనుషుల ఓటు గురించి ఆ చట్టంలో ఒక్క వాక్యం లేదు. టిల్మన్‌తో కలిసి రాసేదాంట్లో ఉండే వీలూ లేదు. చాండ్లర్ 1917 నవంబర్ 30న కాంకర్డ్‌లో కన్నుమూశాడు. ఆ ఓటుకు కేంద్రం మళ్లీ గట్టి కాపలా పెట్టడానికి అప్పటికి ఇంకా 48 ఏళ్లుంది.